దమ్ము, మందు, మధ్యలో మెదడు

మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర ఒక మిత్రుడు రోజూ అనే మాట: "ఒక దమ్ము లాగితే గానీ బుర్ర పనిచెయ్యదు." అదే మనిషి శనివారం సాయంత్రం ఇంకో మాట అంటాడు: "వారం రోజుల టెన్షన్ మర్చిపోవాలి, రెండు పెగ్గులేద్దాం పద." బుర్ర పనిచెయ్యడానికి ఒకటి, పనిచెయ్యకుండా ఉండటానికి ఇంకొకటి. వింటే నవ్వొస్తుంది కానీ ఆయన అబద్ధం చెప్పడం లేదు. దమ్ము లాగొచ్చాక ఆయనకి నిజంగానే స్క్రీన్ మీద అక్షరాలు కుదురుగా కనిపిస్తాయి. రెండో పెగ్గు దిగాక మేనేజర్ ముఖం నిజంగానే మసకబారుతుంది. చిక్కు ఇక్కడే ఉంది. మనకి అనుభవంలోకి వచ్చేది నిజమే, దానికి మనం చెప్పుకునే కారణమే తప్పు.

ముందు సిగరెట్ సంగతి చూద్దాం.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరిపోతుంది. మెదడులో ఎసిటైల్‌కోలిన్ అని ఒక రసాయనం ఉంది. దేనిమీదైనా దృష్టి నిలపాలన్నా, కొత్త విషయం గుర్తుపెట్టుకోవాలన్నా దాని అవసరం ఉంటుంది. మెదడు కణాల మీద ఆ రసాయనం వచ్చి కూర్చోవలసిన చోట్లని రిసెప్టర్లంటారు. వాటిలో కొన్నిటిలో నికోటిన్ దూరి కూర్చుంటుంది. తాళం ఒకటే, చెవి మాత్రం దొంగది. తలుపు తెరుచుకుంటుంది, డోపమైన్ అనే ఇంకో రసాయనం విడుదలవుతుంది, హాయిగా ఉంటుంది, చురుకుదనం వచ్చినట్టు ఉంటుంది.

ఇది రోజుకి పదిసార్లు జరిగితే మెదడు చూస్తూ ఊరుకోదు. ఆ రిసెప్టర్ల సంఖ్యను పెంచుకుని, నికోటిన్ ఉండటమే మామూలు అన్నట్టు సర్దుకుంటుంది. ఇక నికోటిన్ తగ్గినప్పుడల్లా ఖాళీగా ఉన్న రిసెప్టర్లు గోల మొదలుపెడతాయి. రక్తంలో నికోటిన్ రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే రెండు గంటల మీటింగ్ చివర్లో పొగతాగే మనిషికి చెప్పేది ఎక్కదు, కాలు ఊపుతుంటాడు, చిన్న ప్రశ్నకి చిరాకు పడతాడు. బయటికెళ్ళి ఒకటి తాగొస్తే మళ్ళీ మామూలు మనిషి. పొగతాగని పక్క సీటు మనిషి అప్పటిదాకా ఎలా ఉన్నాడో, ఈయన ఇప్పుడు అలా ఉన్నాడు. అంతకంటే పెద్దగా పైకి ఎక్కిందేమీ లేదు. గజ్జి గోక్కుంటే హాయిగానే ఉంటుంది, అలాగని ఆ హాయి కోసం ఎవరూ గజ్జి తెచ్చుకోరు.

పొద్దున లేవగానే తాగే మొదటి సిగరెట్ అన్నిటికంటే బాగుంటుందని పొగరాయుళ్ళందరూ చెబుతారు. రాత్రంతా నికోటిన్ లేక అప్పు బాగా పేరుకుపోయి ఉంటుంది, అందుకే ఆ తీపి. ఎవరికి ఎంత అలవాటు పడిందో తేల్చడానికి డాక్టర్లు రోజుకి ఎన్ని తాగుతావని అడిగినా, అంతకంటే ముఖ్యంగా చూసేది లేచాక ఎంతసేపటికి వెలిగిస్తావన్నదే.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. పొగ అలవాటే లేనివాళ్ళకి కొద్దిగా నికోటిన్ ఇచ్చి పరీక్ష పెడితే ఏకాగ్రత, స్పందించే వేగం కాస్త మెరుగైన ప్రయోగాలున్నాయి. కాబట్టి "దమ్ముతో బుర్ర చురుకవుతుంది" అన్నది గాలిలోంచి పుట్టిన మాట కాదు. కానీ అది చిన్న లాభం. రోజూ తాగేవాడికి ఆ లాభం ఎప్పుడో కరిగిపోయి, పాత బాకీ తీర్చుకోవడమే మిగులుతుంది. టెన్షన్ తగ్గుతుందన్నదీ ఇదే బాపతు. పొగ మానేసినవాళ్ళనీ కొనసాగించినవాళ్ళనీ పోల్చిన 26 అధ్యయనాలను కలిపి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక విశ్లేషణ వచ్చింది. మానేసినవాళ్ళలోనే ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గాయని అందులో తేలింది. మానేసిన మొదటి రెండు మూడు రోజులు, ఆ తర్వాత రెండు మూడు వారాలు మాత్రం నరకమే. చాలామంది ఆ నరకాన్ని చూసి "నాకు సిగరెట్ లేకపోతే కుదరదు" అని తేల్చేసుకుంటారు. అది సిగరెట్ చేసిన పనేనని తోచదు.

నిజానికి నికోటిన్ ఈ కథలో చిన్న దొంగ. పెద్ద దొంగ పొగే. అందులోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హీమోగ్లోబిన్‌ని పట్టుకుంటుంది. దాంతో ఆక్సిజన్‌కి చోటు తగ్గుతుంది. మిగతా విషపదార్థాలు రక్తనాళాల లోపలి పొరను ఏళ్ళ తరబడి గీరుతూ ఉంటాయి. శరీర బరువులో మెదడు రెండు శాతమే, కానీ మనం వాడే ఆక్సిజన్‌లో అయిదో వంతు దానికే కావాలి. అంత ఆకలిగల అవయవానికి సరఫరా చేసే సన్నటి రక్తనాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతుంటే మొదట ఏమీ తెలియదు. మూతి వంకర పోయి, చెయ్యి పడిపోతే పక్షవాతం అంటాం, ఆస్పత్రికి పరిగెడతాం. అంతకు ముందే చిన్న చిన్న మచ్చల్లాంటి దెబ్బలు చప్పుడు లేకుండా పడి ఉండొచ్చు. వాటివల్ల పేర్లు మర్చిపోవడం కంటే ముందు ఆలోచన నెమ్మదిస్తుంది. లెక్క వేసుకోవడం, రెండు పనులు ఒకేసారి చూసుకోవడం, ఏది ముందు ఏది వెనక అని నిర్ణయించుకోవడం కష్టమవుతాయి. ఇంట్లోవాళ్ళు "వయసు మీద పడింది" అనుకుంటారు.

ఆ వయసు ఎంత మీద పడుతుందో కొలిచే ప్రయత్నం లండన్‌లో జరిగింది. 1985లో అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్యాన్ని గమనించడానికి వైట్‌హాల్ 2 అనే అధ్యయనం మొదలుపెట్టారు. అందులో ఏడు వేల మందికి పైగా ఉద్యోగులకి జ్ఞాపకశక్తి, తర్కం, పదాలు గుర్తుచేసుకునే వేగం మీద పదేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ పరీక్షలు పెట్టారు. 2012లో ఫలితాలు వచ్చాయి. పొగతాగే మగవాళ్ళ బుర్ర తమకంటే పదేళ్ళు పెద్దవాళ్ళైన, పొగతాగని మగవాళ్ళ బుర్రతో సమానంగా తరిగిపోతోంది. ఆడవాళ్ళలో ఇంత స్పష్టమైన తేడా కనిపించలేదు, ఆ తరంలో వాళ్ళు తాగింది తక్కువ కావడం ఒక కారణం కావచ్చు. పదేళ్ళకు పైగా మానేసి ఉన్నవాళ్ళలో ఈ అదనపు తరుగుదల కనిపించలేదు. అమెరికాలో కాలిఫోర్నియావాళ్ళ మీద 2011లో వచ్చిన ఇంకో అధ్యయనం ప్రకారం నడివయసులో రోజుకి రెండు ప్యాకెట్లకు మించి తాగినవాళ్ళకి, తర్వాత రెండు దశాబ్దాల్లో డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, వచ్చే అవకాశం రెట్టింపు దాటింది.

"సిగరెట్ తాగేవాళ్ళకి అల్జీమర్స్ రాదంట కదా" అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. అల్జీమర్స్ కూడా డిమెన్షియాలో ఒక రకమే. ఒకప్పుడు అలాంటి అధ్యయనాలు వచ్చిన మాట నిజం. వాటిలో రెండు లోపాలున్నాయి. పొగతాగేవాళ్ళు చాలామంది గుండెపోటుతోనో క్యాన్సర్‌తోనో ముందే పోతారు, అల్జీమర్స్ వచ్చే వయసుదాకా బతికేది గట్టిపిండాలే. మిగిలిన గట్టిపిండాలను లెక్కపెట్టి, "చూశారా, వీళ్ళకి జబ్బు రాలేదు" అన్నారన్నమాట. రెండోది డబ్బు. ఆ పాత అధ్యయనాలన్నిటినీ 2010లో మళ్ళీ తిరగేశారు. పొగాకు కంపెనీలతో సంబంధమున్నవాళ్ళు రాసినవి ఒక దిక్కు, సంబంధం లేనివాళ్ళు రాసినవి ఇంకో దిక్కు చూపించాయి. సంబంధం లేనివాటిలో పొగ అల్జీమర్స్ ముప్పుని పెంచుతోంది. చేతులు వణికించే పార్కిన్సన్ జబ్బు విషయంలో మాత్రం పొగతాగేవాళ్ళలో తక్కువ కనిపించడం చాలా అధ్యయనాల్లో నిలబడింది, ఎందుకో మీద వాదన నడుస్తోంది. దానికోసం మిగతా శరీరాన్ని తాకట్టు పెట్టమని ఏ డాక్టరూ చెప్పడు.

"మాది బీడీయే, అందులో పొగాకెంత" అనేది మన ఊళ్ళ మాట. పొగాకు తక్కువే. కానీ తునికాకులోంచి గాలి సరిగా దూరదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ లాగాలి. అందువల్ల నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్‌కి తీసిపోకుండా లోపలికి వెళతాయి. ఉత్తరాంధ్రలో నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మల గురించి మాట వస్తే అంగిలి క్యాన్సర్ దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళ రక్తనాళాలు కూడా అదే పొగలో ఉన్నాయి.

ఇప్పుడు మందు.

తాగిన మర్నాడు ఇళ్ళల్లో జరిగే గొడవ ఒకటుంది. "రాత్రి అంతమందిలో మా అన్నయ్యని ఏమన్నావో తెలుసా?" అని భార్య. "నేనేమీ అనలేదు, నాకు గుర్తులేదు" అని భర్త. "నడిచావు, బండి తోలావు, ఫోన్లో మాట్లాడావు, అన్నం పెట్టమన్నావు, ఇప్పుడు గుర్తులేదంటే ఎవరు నమ్ముతారు?" ఆవిడ వాదన సబబుగానే ఉంది. కానీ ఆయన చెప్పేదీ నిజం కావచ్చు.

మెదడులో చెవుల ఎత్తున లోపలగా, రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగం ఉంటుంది. జరిగినదాన్ని జ్ఞాపకంగా రాసిపెట్టే గుమాస్తా అది. ఆల్కహాల్ వేగంగా ఎక్కినప్పుడు ఈ గుమాస్తా కలం కింద పెట్టేస్తాడు. మాట్లాడటానికి, నడవడానికి, ఎదుటివాడికి జవాబివ్వడానికి రెండు మూడు నిమిషాల తాత్కాలిక జ్ఞాపకం చాలు, అది పనిచేస్తూనే ఉంటుంది. అందుకే చూసేవాళ్ళకి మనిషి మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తాడు. మర్నాడు ఆయన మర్చిపోయాడనడం కూడా సరికాదు. మర్చిపోవాలంటే ముందు రాసి ఉండాలి కదా. పుస్తకంలో ఆ పేజీలు ఖాళీ, ఎంత గుర్తుచేసినా రావు. కొందరికి పేజీ పూర్తిగా ఖాళీ కాకుండా అక్కడక్కడా చెదిరి ఉంటుంది, అలాంటివాళ్ళకి ఎవరైనా ఒక ముక్క అందిస్తే మిగతాది లీలగా తడుతుంది.

1970లో అమెరికాలో డోనల్డ్ గుడ్విన్ అనే మానసిక వైద్యుడు దీన్ని పరీక్షించి చూశాడు. కొందరు తాగుడు అలవాటున్నవాళ్ళ చేత నాలుగు గంటల్లో సుమారు అరలీటరు విస్కీ తాగించి, మధ్యమధ్యలో బొమ్మలూ దృశ్యాలూ చూపించాడు. రెండు నిమిషాల తర్వాత అడిగితే చాలామంది చెప్పగలిగారు. అరగంట తర్వాత, మర్నాడు అడిగితే సగంమందికి ఏమీ గుర్తులేదు. ఆ విస్కీ ఘాటు మన దగ్గర అమ్మే విస్కీ ఘాటుతో దాదాపు సమానం, అరలీటరంటే మూడు క్వార్టర్లకి కాస్త తక్కువ. మొత్తం ఎంత తాగామన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా తాగామన్నది ముఖ్యం. ఖాళీ కడుపుతో, షాపు పక్కన నిలబడి ప్లాస్టిక్ గ్లాసులో గబగబా పోసుకునేవాళ్ళకి ఇది త్వరగా వస్తుంది. నిద్రమాత్రలు తోడైతే ఇంకా త్వరగా. ఆడవాళ్ళ శరీరంలో నీటి శాతం తక్కువ కాబట్టి అదే పరిమాణానికి వాళ్ళ రక్తంలో ఆల్కహాల్ మోతాదు ఎక్కువగా ఉంటుంది.

"నేను మితంగానే తాగుతాను" అనేవాళ్ళతో మాట్లాడాలంటే ముందు మనం లెక్క సరిచేసుకోవాలి. బ్రిటన్ అధ్యయనాలు యూనిట్లలో మాట్లాడతాయి, మనం పెగ్గుల్లో, క్వార్టర్లలో మాట్లాడతాం. బ్రిటన్ లెక్కలో ఒక యూనిట్ అంటే పది మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్. మన విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. 60 మిల్లీలీటర్ల పెగ్గులో రెండున్నర యూనిట్లు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో 7.7 యూనిట్లు, అంటే అరవై గ్రాముల ఆల్కహాల్. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు పెద్ద సీసా ఒకటి తాగితే అయిదు యూనిట్లు. ఇంతకు మించొద్దని బ్రిటన్ 2016 నుంచి తన పౌరులకి చెబుతున్న పరిమితి వారానికి 14 యూనిట్లు, అదీ కొన్ని రోజుల్లో పరుచుకుని. శనివారం రాత్రి రెండు క్వార్టర్లు కొట్టి మిగతా వారమంతా మడికట్టుకున్న మనిషి ఆ ఒక్క రాత్రే పదిహేను యూనిట్లు దాటేశాడు. మన దగ్గర ఆయన్ని తాగుబోతు అని ఎవరూ అనరు.

ఈ లెక్క చేతిలో పెట్టుకుని అధ్యయనాలు చూస్తే కాస్త ఉలిక్కిపడతాం. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 550 మంది లండన్ ఉద్యోగుల తాగుడు వివరాలను ముప్ఫై ఏళ్ళపాటు గమనించి, చివర్లో ఎంఆర్‌ఐ తీసి 2017లో ప్రచురించారు. వీళ్ళెవరూ మొదట్లో తాగుడుకి బానిసలు కారు. వారానికి 14 నుంచి 21 యూనిట్లు తాగినవాళ్ళలో, అంటే మన లెక్కలో రెండు క్వార్టర్ల నుంచి మూడు లోపు, హిప్పోక్యాంపస్ కుంచించుకుపోయి ఉండే అవకాశం తాగనివాళ్ళకంటే మూడు రెట్లుంది. ముప్ఫై యూనిట్లు దాటినవాళ్ళలో దాదాపు ఆరు రెట్లు. చాలా కొద్దిగా తాగినవాళ్ళకి మేలు జరిగిన జాడ ఎక్కడా కనిపించలేదు. 2022లో బ్రిటన్‌లోనే ముప్ఫై ఆరు వేల మందికి పైగా మెదడు స్కాన్లను పోల్చిన అధ్యయనం వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి రోజుకి ఒక యూనిట్ నుంచి రెండు యూనిట్లకి వెళితే మెదడు పరిమాణంలో కనిపించే తేడా రెండేళ్ళు వయసు పైబడినట్టుందని అందులో లెక్కగట్టారు. రెండు యూనిట్లంటే మన ఒక్క పెగ్గు కూడా కాదు.

ఇవి గుంపుల మీద తీసిన సగటులు, ఏ ఒక్క మనిషి జాతకమూ కావు. బ్రిటన్‌వాళ్ళ తిండి వేరు, తాగే తీరు వేరు. కానీ మన తీరు వాళ్ళకంటే నెమ్మదిగా, అన్నంతో పాటు తాగే తీరైతే కదా ఊరట పడటానికి.

మరి "రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ మంచిది" అన్న మాట ఎలా పుట్టింది? పాత అధ్యయనాల్లో కొద్దిగా తాగేవాళ్ళు అస్సలు తాగనివాళ్ళకంటే ఆరోగ్యంగా కనిపించేవాళ్ళు. అస్సలు తాగనివాళ్ళ గుంపులో ఎవరున్నారో తర్వాత చూశారు. వాళ్ళలో చాలామంది లివర్ పాడైనాకో, గుండె జబ్బు వచ్చాకో, డాక్టర్ తిట్టాకో మానేసినవాళ్ళు. వాళ్ళని పక్కనపెడితే ఆ లాభం చాలావరకు ఆవిరైపోయింది. మందులో ఇంతవరకు ఫరవాలేదనే గీత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

తాగుడు మెదడుని దెబ్బతీసే దారుల్లో ఒకటి మాత్రం మన నేలతో ముడిపడిన కథ. దీనిమీద కాస్త ఎక్కువసేపు నిలబడాలనుంది.

1835లో మద్రాసులో మాల్కంసన్ అనే కంపెనీ సర్కారు వైద్యుడు బెరిబెరి జబ్బు మీద ఒక గ్రంథం అచ్చువేశాడు. కాళ్ళు చచ్చుబడి, ఒళ్ళు వాచి, గుండె ఆగి మనుషులు పోయే ఆ జబ్బుకి ఆయన ప్రధానంగా చూపించిన చోటు ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు. కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. తర్వాత జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లటి పాలిష్ బియ్యం తిన్న కోళ్ళు కాళ్ళు చచ్చుబడి పడిపోవడం, తవుడు పెడితే లేచి తిరగడం గమనించాడు. ఆ తవుడులో ఉన్నది థయమిన్, అంటే విటమిన్ బి1. తమిళనాడులో ఉప్పుడు బియ్యం తింటారు, వడ్లను ఉడికించినప్పుడే బి1 గింజలోకి ఇంకి, మర పట్టినా కొంత మిగులుతుంది. మన కోస్తాలో పచ్చి బియ్యం, అదీ మర వచ్చాక తెల్లగా పాలిష్ పట్టినవి. పైగా బియ్యం నాలుగుసార్లు కడిగి, గంజి వార్చేస్తే నీళ్ళలో కరిగే ఆ కాస్తా తూములోకే. బెరిబెరి మన దగ్గర తిష్ట వేయడానికి అదే కారణమని ఇరవయ్యో శతాబ్దంలో తేల్చారు. హైదరాబాదులో తార్నాక దగ్గరున్న జాతీయ పోషకాహార సంస్థ ఉంది చూశారా, అది 1918లో నీలగిరుల్లోని కూనూరులో ఒక్క గదిలో "బెరిబెరి ఎంక్వైరీ యూనిట్"గానే పుట్టింది. 1958లో హైదరాబాదుకి వచ్చింది.

బెరిబెరి ఇప్పుడు మనకి పెద్దగా కనిపించదు. పప్పు, కూరగాయలు, గుడ్లు, పల్లీలు తినేవాళ్ళకి బి1 సరిపోతుంది. తాగుడుకి బాగా అలవాటుపడ్డ మనిషి మాత్రం ఒంటరిగా వందేళ్ళు వెనక్కి వెళ్ళిపోతాడు. ఆయన సరిగా తినడు, తిన్నా తెల్లన్నం, చారు. పేగులు ఉన్న కాస్త బి1ని లోపలికి తీసుకోవు, ఆల్కహాల్ అడ్డుకుంటుంది. దాన్ని దాచుకోవలసిన లివర్ చెడిపోయి ఉంటుంది. ఒంట్లో నిల్వ కొద్ది వారాలకి మించి రాదు. గ్లూకోజ్‌ని శక్తిగా మార్చుకోవడానికి మెదడుకి బి1 కావాలి. అది లేకపోతే మెదడు లోపలి కొన్ని భాగాలు చనిపోవడం మొదలుపెడతాయి.

కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు 1881లో ముగ్గురు రోగులను వర్ణించాడు. మతి భ్రమ, చూపు పక్కలకి తిరగకపోవడం, తూలుతూ నడవడం. 1887లో రష్యాలో సెర్గీ కోర్సకోవ్ దీని రెండో అంకాన్ని వర్ణించాడు. పాత సంగతులు గుర్తుంటాయి, కొత్తవి ఏవీ నిలవవు. అంతకంటే వింతైనది, ఖాళీ అయిన చోటును మెదడు కల్పనతో నింపేస్తుంది. ఇది నేను మా మామయ్య దగ్గర చూశాను. ఆస్పత్రి మంచం మీద పది రోజులుగా ఉన్న మనిషిని పలకరిస్తే, "పొద్దున్నే పొలానికెళ్ళి ఇప్పుడే వచ్చాను రా, కాలవ నీళ్ళు తిరగలేదు" అన్నాడు. నవ్వు లేదు, తడబాటు లేదు. అత్తయ్య తల దించుకుంది. ఆయన అబద్ధమాడుతున్నాడనుకుంది పాపం. ఆయన మెదడుకి ఆ పొద్దుట పేజీ ఖాళీగా కనిపించింది, యాభై ఏళ్ళ అలవాటు తీసుకొచ్చి అక్కడ అతికించింది.

దీనికి మందు ఏ అపురూపమైనదీ కాదు, బి1 ఇంజెక్షన్. వేళకి పడితే కొద్ది గంటల్లోనో రోజుల్లోనో చూపు మళ్ళీ పక్కలకి తిరుగుతుంది. కానీ మన ఊళ్ళలో ఒక అలవాటుంది. తాగి తాగి అన్నం మానేసి నీరసపడ్డ మనిషికి ముందుగా "ఒక బాటిల్ ఎక్కించండి" అంటారు. అది గ్లూకోజ్ బాటిల్ అయి, బి1 ఇవ్వకుండా ఎక్కిస్తే, ఆ గ్లూకోజ్‌ని వాడుకోవడానికి మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. బి1 ముందు, లేదా గ్లూకోజ్‌తో పాటు పడాలి. ఇంట్లో తాగే మనిషి ఉన్నవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన వైద్యం ఏదైనా ఒకటుంటే ఇదే. ఎంత తాగుతాడో డాక్టర్ దగ్గర పరువు కోసం దాచకుండా, క్వార్టర్ల లెక్కలోనే చెప్పాలి.

తెలంగాణలో కల్లు ప్రస్తావన లేకుండా ఈ మాట పూర్తి కాదు. చెట్టు మీంచి దింపిన కల్లులో ఆల్కహాల్ తక్కువే. గొడవ కల్తీ కల్లుతో. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట నీళ్ళు, చక్కెరతో పాటు ఆల్‌ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమత్తు మందులు కలిపి అమ్మిన కేసులు ఎన్నోసార్లు బయటపడ్డాయి. ఇవి కూడా కొత్త జ్ఞాపకాలు రాయనివ్వని మందులే. తాగేవాడికి తను నిద్రమాత్రలకి బానిసనని తెలియదు, కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు. 2015లో దాడులు జరిగి కొన్ని జిల్లాల్లో కల్తీ కల్లు సరఫరా ఒక్కసారిగా తగ్గిపోతే, జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్ వచ్చి, లేనివి కనిపిస్తున్నాయని ఆస్పత్రుల్లో చేరారు.

ఒక్కసారిగా ఆపితే వచ్చే ఈ ముప్పు మందుకీ వర్తిస్తుంది. ఆల్కహాల్ మెదడులో గాబా అనే బ్రేకును గట్టిగా తొక్కుతుంది, గ్లుటమేట్ అనే యాక్సిలరేటర్‌ను వదులు చేస్తుంది. రోజూ తాగితే మెదడు తట్టుకోవడానికి బ్రేకు వదులు చేసి యాక్సిలరేటర్ గట్టిగా నొక్కిపెడుతుంది. ఉన్నట్టుండి మందు తీసేస్తే బండి పిచ్చిగా పరిగెడుతుంది. చేతులు వణకడం, చెమటలు, ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్, రెండు నాలుగు రోజుల మధ్య భ్రాంతులు. 2020 లాక్‌డౌన్‌లో షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి ఇలాంటివాళ్ళు క్యూ కట్టారు. ఇందులో ప్రాణాపాయం ఉంది. కాబట్టి పొద్దున్నే మందు పడకపోతే చేతులు వణికే స్థితిలో ఉన్న మనిషి దేవుడి ముందు ఒట్టేసి ఒక్క రోజులో మానెయ్యకూడదు, డాక్టర్ కళ్ళ ముందు మానాలి. సిగరెట్‌కి ఈ భయం లేదు, ఈ రాత్రే మానెయ్యొచ్చు.

రెండూ కలిస్తే? మనవాళ్ళలో చాలామందికి అవి విడిగా ఉండవు. గ్లాసు ఎత్తగానే చెయ్యి జేబులోకి వెళుతుంది. మందు తెచ్చే మత్తుని నికోటిన్ కాస్త ఆపుతుంది, అందువల్ల ఇంకో పెగ్గు పడుతుంది. పైన చెప్పిన లండన్ ఉద్యోగులనే ఈ కోణంలో చూసి 2013లో లెక్కకట్టారు. పొగ, బాగా తాగుడు రెండూ ఉన్నవాళ్ళ బుద్ధి తరిగే వేగం 36 శాతం ఎక్కువ. పదేళ్ళు గడిచేసరికి మెదడు పన్నెండేళ్ళు ముసలిదవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 43 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది మద్యం తాగుతున్నారు. దేశం మొత్తం మీద సగటు 19. వీళ్ళలో పొగ కూడా ఉన్నవాళ్ళ గురించే నా ఆలోచన.

తిరిగి వచ్చేదేమిటి, రానిదేమిటి అన్నది చివరి ముడి. మందు మానేసిన కొన్ని వారాల్లోనే కుంచించుకున్న మెదడు కొంత పుంజుకోవడం స్కాన్లలో కనిపిస్తుంది, నెలలు గడిచేకొద్దీ ఆలోచన, నిద్ర కుదుటపడతాయి. ఇక్కడ కూడా సిగరెట్ కాలు అడ్డుపెడుతుంది. మందు మాని పొగ కొనసాగించినవాళ్ళు నెమ్మదిగా కోలుకుంటున్నారని అమెరికా పరిశోధనలు చెబుతున్నాయి. "ఒక్కటైనా ఉంచుకోనివ్వండి" అని బతిమాలేవాళ్ళకి చెప్పడం కష్టమైన సంగతి ఇది. పొగ మానేస్తే నికోటిన్ రిసెప్టర్లు కొన్ని వారాల్లో మామూలు సంఖ్యకి వస్తాయి. మెదడు పైపొర మందం మాత్రం చాలా నెమ్మది. 1936లో పుట్టిన స్కాట్లాండ్‌వాళ్ళ మీద 2015లో వచ్చిన అధ్యయనంలో, బాగా పొగతాగి మానేసినవాళ్ళకి అది పొగతాగనివాళ్ళ స్థాయికి రావడానికి పాతికేళ్ళ దాకా పట్టొచ్చని అంచనా వేశారు. నలభైలో మానడానికీ అరవైలో మానడానికీ తేడా అక్కడుంది. మానాలనుకునేవాళ్ళకి సిగరెట్ ప్యాకెట్ మీదే ఉచిత నంబరు అచ్చువేసి ఉంటుంది, 1800-11-2356. మందు సంగతికి 14446.

టీ కొట్టు మిత్రుడు సిగరెట్ మానేసి రెండు నెలలైంది. మొదటి వారం ఒక ఈమెయిల్‌ని నాలుగుసార్లు చదివానని, ఉద్యోగం పోతుందనుకున్నానని చెప్పాడు. మూడో వారం నుంచి ఆ సంగతే గుర్తులేదట. పెగ్గుల సంగతి ఇంకా తేలలేదు.

మా మామయ్యకి బి1 పడ్డాక చూపు తిన్నగా వచ్చింది, గోడ పట్టుకోకుండా నడుస్తున్నాడు. మందు ముట్టి ఆరేళ్ళు దాటింది. పొలం ఆస్పత్రి ఖర్చులకి అప్పుడే అమ్మేశారు. మొన్న సంక్రాంతికి వెళ్ళి కాళ్ళకి దండం పెడితే కుర్చీలోంచే చెయ్యెత్తి దీవించి, "ఇప్పుడే వచ్చాను రా, కాలవ నీళ్ళు ఇంకా తిరగలేదు" అన్నాడు.